అడిగి తెచ్చుకున్న మొక్క

మా మామగారి ఆబ్దికం నాడు మా వదినగారు నా జేడ్ మొక్కను కుండీతో సహా పట్టుకెళ్లిపోయారు. నేనప్పుడు వంటింట్లో మడి కట్టుకుని గారెలు వేస్తున్నాను. భోక్తలు లేచి, అందరి భోజనాలూ అయి, నాలుగు మెతుకులు తిని వీధరుగు మీదకొచ్చి చూస్తే కుండీ ఉండాల్సిన చోట దుమ్ము అంటని గుండ్రటి మచ్చ ఉంది. వీధిలో పోయేవాళ్లెవరో ఎత్తుకుపోయారనుకున్నాను. దాన్ని మోసుకెళ్లి వదినగారి ఆటోలో జాగ్రత్తగా పెట్టింది మా ఆయనేనని కాసేపటికి తెలిసింది.

వదినగారంటే మా ఆయన రామ్‌ప్రసాద్ గారికి అక్కగారు, దుర్గాశ్రీ గారు. కాపురం కొత్తపేటలో. మాది అమలాపురం.

ఆ మొక్క నేను కొన్నది కాదు. ఆరేళ్ల కిందట మా స్కూలు పిల్లల్ని కడియం నర్సరీలు చూపించడానికి తీసుకెళ్లినప్పుడు ఒక బల్ల కింద జేడ్ ఆకు ఒకటి రాలి ఉంది. తీసుకోనా అని అక్కడ పనిచేసే ఆవిణ్ణి అడిగాను. రాలిన ఆకుని కూడా అడుగుతారేంటండీ అని ఆవిడ నవ్వి, తీసి నా చేతిలో పెట్టింది. ఇంటికి తెస్తే మా అత్తగారు అచ్చయమ్మ గారు అటూ ఇటూ తిప్పి చూసి, గంగపాయల కూరలా ఉంది, పప్పులో వెయ్యొచ్చా అన్నారు. పక్కింటివాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. అది డబ్బు మొక్కట, అడిగి తెచ్చుకుంటే బతకదట, ఎవరింట్లోనైనా చెప్పకుండా తుంచుకొస్తేనే లక్ష్మి వెంట వస్తుందట. సరే, బతకదో బతుకుతుందో చూద్దామని నాకు పంతం వచ్చింది.

కొబ్బరి చిప్పలో పొడి ఇసక పోసి దాని మీద ఆ ఆకు పడుకోబెట్టాను. నీళ్లు పోయలేదు. మా కోనసీమలో ఎటు చూసినా కాలవలే, మట్టి ఎండి కనిపిస్తే మనుషులకి చేతులు ఊరుకోవు. ఈ మొక్కకి చేసే సేవంతా ఆ చేతుల్ని ఆపుకోవడమే. చివరికి ఆకు మొదట్లో దారప్పోగులాంటి వేరూ, దాని పక్కన ఆవగింజంత చిగురూ వచ్చాయి. ఆ రోజు నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెప్పినా ఎవరికీ పట్టదు. తరవాత కుండీలోకి మార్చి, మట్టిలో సగానికి సగం ఇసకా, ఇటుక ముక్కలూ కలిపాను. ముసురు పట్టినప్పుడల్లా చూరు కిందకి జరిపాను. పిండినల్లి పురుగు పడితే ఒక్కో ఆకూ దూదితో తుడిచాను. ఆకులు కాస్త ముడత పడ్డాకే నీళ్లు పోసేదాన్ని. శీతాకాలం ఎండకి ఆకుల అంచులు ఎర్రబడేవి. మొదలు నా బొటనవేలంత లావైంది.

అప్పుడు మొదలయ్యారు తుంచేవాళ్లు. పేరంటానికొచ్చిన ప్రతి మనిషీ వెళ్తూ వెళ్తూ ఒక కొమ్మ గిల్లి కొంగులో దాచుకోవడమే. అందరూ తెలిసినవాళ్లే, అందరూ చదువుకున్నవాళ్లే. ఒక్కరైనా ఇస్తావా అని అడిగితే నేనే కత్తిరించి, గాటు ఆరాక ఎలా నాటాలో చెప్పి మరీ ఇచ్చేదాన్ని. అడిగితే కలిసిరాదని వాళ్ల భయం. నా మొక్క బోడిదైపోతే నాకేం కలిసొస్తుందో ఎవరూ ఆలోచించలేదు.

అయినా కొమ్మ పోతే కొమ్మ వస్తుంది. కుండీకి కుండీ ఎత్తుకుపోతే ఏం వస్తుంది?

సాయంత్రం మా ఆయన్ని నిలదీశాను. అక్క ముచ్చటపడిందని, మొక్కే కదా, కడియం వెళ్లి ఇంకోటి తెస్తానని తేలిగ్గా అన్నారు. ఆడపడుచు పట్టుకెళ్తే పుట్టింటికి మంచిదేనని, పట్టుకుపొమ్మని తనే చెప్పానని అత్తగారు మంచం మీంచి అందుకున్నారు.

“మరి నన్నెవరడిగేరండీ?” అన్నాను.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. “ఇంట్లో వస్తువుకి అడగడమేంటి యామినీ?”

నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మా అమ్మ నాకు కొనిచ్చిన కుట్టు మిషన్ ఊరికే పడుందని వదినగారి అమ్మాయికి ఇచ్చేసినప్పుడూ ఇదే మాట. ఎండాకాలం చుట్టాలొచ్చి నా గదిలో నెలరోజులు ఉంటే, నేను హాల్లో చాపేసుకుని పరీక్ష పేపర్లు దిద్దినప్పుడూ ఇదే మాట. అప్పుడు వంటింట్లోకి పోయి ఏడ్చి ఊరుకున్నాను. ఇంట్లో వస్తువుకి అడగక్కర్లేదు. ఆ లెక్కన నేనూ ఇంట్లో వస్తువునే.

మొక్క తెచ్చిపెట్టమని ఆ రోజు నుంచీ పోరుతూనే ఉన్నాను. తెస్తాలే, తెస్తాలే అని ఆయన రోజులు నెట్టారు. ఒక శనివారం వదినగారే ఫోన్ చేశారు. ఆకులు రాలిపోతున్నాయట, నీళ్లు చాలట్లేదేమోనని రెండు పూటలా పోస్తున్నారట. పొయ్యకండి వదినగారండీ, దానికి నీళ్లే విషం అని బతిమాలాను. ఆవిడ పకపకా నవ్వారు. “నీళ్లు పొయ్యకుండా మొక్కెలా బతుకుద్దే పిచ్చిదానా!”

మర్నాడు పొద్దున్నే చీర మార్చుకుని, నా మొక్క తెచ్చుకోవడానికి వెళ్తున్నానని చెప్పి బయల్దేరాను. ఆడపిల్ల పట్టుకెళ్లింది వెనక్కి తెచ్చుకుంటారా, నలుగురూ నవ్వరూ అని అత్తగారు గుమ్మం దాకా వచ్చారు. మా ఆయన పేపర్లోంచి తలెత్తలేదు. నవ్వితే నవ్వనీ అనుకుని రావులపాలెం బస్సెక్కి కొత్తపేటలో దిగాను. దారంతా ఆవిడతో ఏమనాలో మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను.

మా వదినగారు చెడ్డ మనిషి కాదు. నాకొచ్చిన చిక్కే అది. చెడ్డ మనిషైతే నాలుగు దులిపేసి వచ్చేదాన్ని. నన్ను చూడగానే ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఫ్యానేసి, కాఫీ కలపడానికి లోపలికెళ్లారు. నేను కూర్చోలేదు.

మొక్క హాల్లో ఆగ్నేయం మూల, ఫ్రిజ్ పక్కన చీకట్లో ఉంది. కుండీకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఎర్ర దారం కట్టారు. కింద పళ్లెం నిండా నీళ్లు. పై కొమ్మలు లేవు. ఇరుగుపొరుగుకి పంచిపెట్టినట్టున్నారు. మిగిలిన ఆకులు ఉడికిన ఉల్లిపాయ రేకుల్లా మెత్తబడి ఉన్నాయి. మొదలు వేళ్లతో నొక్కాను. పండిన అరటిపండు నొక్కినట్టు వేలు లోపలికి దిగింది. ఆరేళ్లు పెంచానండీ దాన్ని. ఒక్క ఆకు నుంచి పెంచాను. ఏడుపు రాబోయి మధ్యలోనే కోపమైపోయింది.

ఎర్ర దారం తెంపేశాను. పళ్లెంలో నీళ్లు వాళ్ల తులసి కోటలో వంపేశాను. కుండీ చంకనెత్తుకుని గుమ్మం దిగుతుంటే, కాఫీ గ్లాసుతో వదినగారు వచ్చారు.

“అదేంటమ్మా యామినీ, చెప్పా పెట్టకుండా అలా పట్టుకుపోతావేంటి? అడిగితే నేనే ఇచ్చేదాన్ని కదా.”

బస్సులో కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. వెనక్కి తిరిగి ఆవిడ మొహంలోకి చూశాను.

“ఆయ్. మీరు అడిగుంటే నేనూ ఇచ్చేదాన్నండీ, వదినగారూ.”

ఆవిడ కాఫీ గ్లాసు అలాగే పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయారు. ఎంత వద్దనుకున్నా నాకు ఆవిడ మీద జాలేసింది, ఆ జాలి మీద నాకు ఇంకా కోపం వచ్చింది.

బస్సులో కుండీ ఒళ్లో పెట్టుకుని ఒక్కో కొమ్మా నొక్కి చూశాను. అన్నీ కుళ్లిపోయాయి. వెనకవైపు, ఫ్రిజ్‌కి ఆనుకుని ఉండడంతో ఎవరి చేతికీ అందని చిన్న కొమ్మ ఒకటి గట్టిగా ఉంది. ఇంటికి వెళ్లగానే దాన్ని కోసి, గాటు ఆరబెట్టి, పొడి ఇసకలో పెట్టాలి. మళ్లీ మొదటి నుంచీ.

నాకంటే ముందు వదినగారి ఫోన్ ఇల్లు చేరినట్టుంది. ఆటో ఆగేసరికి మా ఆయన అరుగు దిగి గేటు దగ్గరికి వచ్చారు. వెనకాల అత్తగారు గుమ్మం పట్టుకుని చూస్తున్నారు. ఆయన అలవాటుగా కుండీ మీదకి రెండు చేతులూ చాపి, ఏదో గుర్తొచ్చినట్టు సగంలో ఆపేశారు.

“పట్టుకోనా?” అన్నారు.

పెళ్లయిన ఇన్నేళ్లలో నా వస్తువు ముట్టుకోబోతూ ఆయన నన్ను అడగడం అదే మొదటిసారి.

“వద్దండీ” అని, నా మొక్కను నేనే లోపలికి మోసుకెళ్లాను.