నిశ్శబ్ద నడకలో మా బావ

మా అక్క మొగుడి నోట్లో నువ్వుగింజ నానదు. ఇది తిట్టు కాదు, ఆయన ఉద్యోగ చరిత్ర. క్షౌరశాలలో చేసినప్పుడు కత్తి గాల్లో ఆపి కథ చెబుతుంటే, కూర్చున్నవాడు సగం గడ్డంతోనే లేచి వెళ్ళిపోయాడు. సినిమా హాలు గుమ్మంలో టికెట్లు చింపే పనిలో పెడితే, చింపిన ముక్క చేతికిచ్చేలోపే హంతకుడెవరో చెప్పేసేవాడు. అలా ఊళ్ళో ఉన్న ఉద్యోగాలన్నీ అయ్యాక మొగుడూ పెళ్ళాం మా ఇంటికొచ్చి పడ్డారు. ఉన్నది ఒక గది, ఒక వసారా. నేను చెక్కపని వాణ్ణి, నాకు సుత్తి చప్పుడు చాలు. ఊరుకున్నంత ఉత్తమం లేదని మా అమ్మ అనేది. బావ పక్కన కూర్చున్న ప్రతిసారీ ఆ మాట మీద నమ్మకం గట్టిపడేది.

అలాంటి మనిషికి సముద్రపు ఒడ్డున, పక్షుల కోసం కాపాడే అడవిలో, వచ్చినవాళ్ళకి దారి చూపే పని దొరికింది. ఆ అడవికున్న పెద్ద నియమం నోరు మెదపకూడదని. గేటు దగ్గర బోర్డు పెట్టారు. అందులో అక్షరాల లావు చూస్తే అరిచి చెప్పినట్టే ఉంటుంది. ఎంపిక చేసిన రోజున బావ ఆపకుండా మాట్లాడాడట. విన్నవాళ్ళు ముచ్చటపడి, నిశ్శబ్దానికి ఇతనే తగినవాడని తేల్చారు. పెద్దల ఆలోచనలు మనకేం అందుతాయి.

పని ఖాయమైతే అడవి అంచున రెండు గదుల క్వార్టరు ఇస్తారు. కాకపోతే మా వసారా ఉండనే ఉంది. అక్క ముందే చెప్పింది: “ఈసారి కూడా నోరు జారి పోగొట్టుకున్నావా, ఇంక నేను ఎక్కడికీ కదలను. బతికినన్నాళ్ళూ మా తమ్ముడింట్లోనే.” బెదిరించింది బావని. చెమట పట్టింది నాకు.

ఖాయం చేసేదీ లేనిదీ తేల్చడానికి అడవి పెద్ద మేడమ్ స్వయంగా నడకకు వచ్చింది. వెంట కొందరు సందర్శకులు. చెక్కబాట పలకలు బిగించాలని చెప్పి నేనూ వెనకాలే వెళ్ళాను. పలకలు గట్టిగానే ఉన్నాయి.

సైగలన్నీ మేడమ్ కనిపెట్టినవే. చెయ్యెత్తితే ఆగాలి. ఎర్ర రుమాలు ఊపితే, అటు పక్షి ఉందని. ఆపదకి సైగ పెట్టలేదు. ఆమె అడవిలో ఆపద ఉండదు.

సరుగుడు తోపులో అందరూ మహా నిశ్శబ్దంగా నడిచారు. జాకెట్లు గరగరలాడాయి, కెమెరాలు టకటకలాడాయి, ఒకాయన బిస్కెట్ల పొట్లం విప్పడం తోపంతా వినబడింది. దోమ కుట్టి బావ మెడ మీద కొట్టుకున్నాడు. అదీ సైగే అనుకుని వెనకున్నవాళ్ళందరూ మెడలు చరుచుకున్నారు. పక్షి ఒక్కటీ కనబడలేదు. బావ మాత్రం మాట లోపల ఉడికి, మూత పెట్టిన కుండలా అదురుతూ నడిచాడు. నాకు జాలేసింది. వసారా గుర్తొచ్చి జాలి తగ్గింది.

తోపు దాటితే ఒడ్డు. అక్కడొక సన్నటి పాయ ఉంది. ఆటుకి నీళ్ళు వెనక్కి తీసినప్పుడు కాలు తడవకుండా దాటి అవతలి ఇసుకదిబ్బ మీదకి వెళ్ళొచ్చు. మేడమ్, సందర్శకులు వెళ్ళారు. దారి చూపేవాడు ఇవతలే నిలబడాలని నియమం, బావ నిలబడ్డాడు. పక్కనే నేను, బిగించిన మేకునే మళ్ళీ బిగిస్తూ.

వాళ్ళు సముద్రం వైపు తిరిగి ఫోటోలు తీసుకుంటుంటే, వెనక పాయలోకి పోటు నీళ్ళు మెల్లగా వచ్చేశాయి. బావ చూశాడు. నేనూ చూశాను. మేడమ్ ఇటు తిరగ్గానే బావ రమ్మని చెయ్యెత్తి ఊపాడు. అందరూ ఠక్కున ఆగిపోయారు. రుమాలు తీసి ఊపాడు. అందరూ బైనాక్యులర్లు ఎత్తి మా వెనక చెట్ల కొమ్మలు వెతికారు. బావ గెంతుతూ ఊపాడు. అంత అరుదైన పక్షా అని వాళ్ళు ఇంకా శ్రద్ధగా వెతికారు.

బావ నోరు తెరిచాడు, రెండు చేతులతో మూసుకున్నాడు, నా వైపు చూశాడు. ఆ చూపులో మా అక్క మొత్తం కనబడింది. సరే, అరిస్తే నేనే అరవాలి. గుండె నిండా గాలి పీల్చి నోరు తెరిచాను. వాడకం లేని గొంతు కదా, తుప్పు పట్టిన గడియలా కిర్రుమంది. బైనాక్యులర్లన్నీ నా మీదకి దిగాయి.

నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి. ఇంక బావ ఆగలేదు.

“అమ్మా, పక్షీ లేదు గిక్షీ లేదు. వెనక పోటొచ్చేసింది. ఇటు పరిగెత్తండి.”

ఆ గొంతుకి ఒడ్డు మీదా తోపులోనూ దాక్కున్న పక్షులన్నీ ఒక్కసారి ఆకాశానికి లేచాయి. అందరూ తలెత్తి పక్షుల్నే చూస్తూ, నీళ్ళలో పడుతూ లేస్తూ ఒడ్డుకి చేరారు. ఎవరు అరిచారో ఒక్కరూ చూడలేదు. మేడమ్ చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది. అడుసు తొక్కనేల అంటారు గానీ, కడుక్కోవడానికి నీళ్ళకి మాత్రం కొదవ లేదు.

ఊపిరి తీసుకుని ఆమె అడిగింది, “అరిచిందెవరు?”

బావ తల దించుకున్నాడు.

“నేనే,” అన్నాను.

ఆమె అనుమానంగా చూసింది. నేను మాట్లాడగా వినడం ఆమెకదే మొదలు, బావ గొంతూ ఆమె అడవిలో ఎప్పుడూ వినలేదు, పోల్చుకునే దారి లేదు. ప్రాణం మీదికొచ్చినా నోరు విప్పని ఉద్యోగి అని బావ భుజం తట్టి, పని అక్కడికక్కడే ఖాయం చేసింది. నన్ను మాత్రం మళ్ళీ అడవిలో అడుగు పెట్టొద్దంది. పలకలు ఊడినా సరేనట.

మర్నాడే అక్క సామాను సర్దుకుని క్వార్టరుకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఖాళీ వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. చీకటి పడకముందే బావ వచ్చాడు.

“బామ్మర్దీ, పొద్దుట్నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. కడుపుబ్బిపోయింది. కొంచెం జరుగు,” అన్నాడు.

అప్పట్నుంచి రోజూ వస్తున్నాడు. పగలంతా దాచిన మాటలన్నీ ఇక్కడే దించి పోతాడు. ఆ రోజు నేనెలా అరిచానో వినడానికి వీధిలోవాళ్ళు కూడా వచ్చి కూర్చుంటున్నారు. మొదట్లో నా అరుపు తోపు దాకా వినబడిందన్నాడు. తర్వాత ఊరి దాకా. నిన్న చెప్పినదాంట్లో, నా గొంతు విని పోటు కూడా ఒక అడుగు వెనక్కి వేసిందట.