ముసలోళ్ళు లేని ఇల్లు

బాడుగకిచ్చిన తన ఇల్లు చూసుకోవడానికి పోయే ముందు జయకుమార్ తప్పకుండా ఫోను చేసేవాడు. చెప్పాపెట్టకుండా ఊడిపడి, కిటికీలోంచి తొంగిచూసే ఓనర్లంటే ఆయనకు ఒళ్ళుమంట. నందికొట్కూరులో కర్నూలు బస్సు ఎక్కే ముందు ఫోను తీసి, "హనుమేషూ, వస్తాండాప్పా" అని చెప్పి మరీ బయలుదేరేవాడు. తన ఈ మర్యాద గురించి భార్య ప్రేమజ్యోతికి ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు. ఆమె కూడా పాపం ప్రతిసారీ కొత్తగా విన్నట్టే వినేది.

ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి. చేతికొచ్చిందంతా పెట్టి, చాలనిదానికి బ్యాంకులో అప్పు చేసి, కర్నూలు శివార్లలో రెండు గదుల మిద్దె ఒకటి కొన్నాడు. పింఛను పాలకూ కరెంటుకూ అయిపోతుంది. ప్రేమజ్యోతి షుగరు మందులకూ, బ్యాంకు కంతుకూ ఆ బాడుగే దిక్కు. ఇల్లు ఖాళీగా ఉందంటే ఇద్దరికీ కంటిమీద కునుకుండదు.

అలాంటిది ఆ ఇంటికి ఒకసారి ఏడాది దాకా తాళం పడింది. అప్పుడున్న వాళ్ళ తాత ఒకాయన ముందు గదిలో నిద్రలోనే పోయాడు. పండు వయసు, ఎవరినీ కష్టపెట్టని చావు. కానీ పోయిన నక్షత్రం మంచిది కాదనీ, ఇల్లు ఆరు నెలలు మూసిపెట్టాలనీ పంతులు చెప్పాడు. ఉన్నవాళ్ళు ఆ వారంలోనే సామాను సర్దుకున్నారు. ఆరు నెలలూ గడిచాయి గానీ వీధిలో ఆ కథ మాత్రం చల్లారలేదు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు పక్కింట్లో మంచినీళ్ళు అడిగి తాగి, విషయం విని, అటునుంచి అటే వెళ్ళిపోయేవారు.

జయకుమార్ చర్చికి పోయే మనిషి. నక్షత్రాల మీద ఆయనకు రవ్వంత నమ్మకం లేదు. నమ్మేవాళ్ళు బాడుగకు రారన్న భయం మాత్రం కొండంత ఉంది. నమ్మకం లేనివాడు కూడా నమ్మినవాడి కంటే గట్టిగా పాటించడమంటే ఇదే. అప్పటినుంచి ఇల్లు అడిగిన ప్రతివాళ్ళకూ ఆయన వేసే మొదటి ప్రశ్న ఒకటే.

"ఇంట్లో ముసలోళ్ళు ఉండారా?"

ఉన్నారంటే ఇల్లు లేదు. బేరం దాకా కూడా పోడు.

హనుమేష్ దంపతులను కూడా అదే అడిగాడు. ఆలూరు దగ్గర పల్లె వాళ్ళది. వానల్లేక సేద్యం విడిచిపెట్టి, హనుమేష్ కర్నూల్లో విత్తనాల గోడౌన్లో పనికి కుదిరాడు. "ఎవరూ లేరు సార్. నేను, మా ఆడమనిషి, అంతే" అన్నాడు. అనేముందు భార్య హులిగెమ్మ వైపు ఒకసారి చూశాడు. పెళ్ళయినవాడు పెళ్ళాం వైపు చూడకుండా ఏ మాట చెబుతాడులే అనుకుని తాళాలు ఇచ్చేశాడు జయకుమార్.

అలాంటి బాడుగదారులు దొరకరు. గోడకు ఒక మేకు కొట్టింది లేదు. జయకుమార్ వెళ్ళినప్పుడల్లా రెండు గదులూ, వంటిల్లూ, చివరికి బాత్రూంలో కొళాయి కూడా తిప్పి చూసి, "ఇల్లంటే ఇట్ల పెట్టుకోవల్ల" అని మెచ్చుకునేవాడు. తర్వాత ఫ్యాను కింద కూర్చుని టీ తాగుతూ డిపో కబుర్లు మొదలుపెట్టేవాడు. ఆ కబుర్లకు మొదలే గానీ తుది ఉండదు. మొగుడూ పెళ్ళాలు ఎదురుగా నిలబడి ఓపిగ్గా వినేవారు. కూర్చోమన్నా కూర్చునేవారు కాదు. ఎంత గౌరవమో అనుకునేవాడు ఆయన.

మే నెలలో ఒక ఆదివారం, ఆరాధన ముగించుకుని అలాగే వచ్చాడు. కర్నూలు ఎండ సంగతి చెప్పేదేముంది, వీధిలో కుక్క కూడా లేదు. ఒక టీ అయింది. రెండోది కూడా అయింది. శ్రీశైలం ఘాట్‌లో బ్రేకులు ఫెయిలైన బస్సు కథ సగంలో ఉండగా తల పైకెత్తిన జయకుమార్ నోరు ఆగిపోయింది. ముందు గది పైకప్పుకు ఒక మూల తేమ మరక ఉంది.

"ఏమప్పా ఇది? వానల్లేవు, ఏమీ లేవు. నీళ్ళు యాడివి?"

"ట్యాంకు కారుతాండాదేమో సార్" అన్నాడు హనుమేష్. అతని గొంతు వేరేగా ఉంది.

"పద, మిద్దెక్కి చూద్దాం."

"మెట్ల గేటు తాళంచెవి పోయింది సార్."

"నా దగ్గర ఇంకోటి ఉండాదిలే."

హనుమేష్ గుమ్మానికి అడ్డం వచ్చాడు. "ఇప్పుడొద్దు సార్. ఎండ శానా ఉండాది. మీకు వడదెబ్బ తగుల్తాది. నేను రేపు మేస్త్రీని పిలుస్తా." వెనక హులిగెమ్మ పమిట నోట్లో కుక్కుకుంది.

అప్పుడు అర్థమైంది జయకుమార్‌కు, అర్థమైందని అనుకున్నాడు. పైన రేకుల షెడ్డు వేసి ఎవరో కుర్రాళ్ళను పెట్టుకున్నారు. తన ఇంట్లో తనకు తెలియకుండా బాడుగ వ్యాపారం చేస్తున్నారు. ఇంత మర్యాదకు ఇదా ఫలితం అని ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. హనుమేష్‌ను పక్కకు నెట్టి, గేటు తీసి, మెట్లు రెండేసి ఎక్కాడు.

పైన షెడ్డు లేదు. కుర్రాళ్ళు లేరు. నల్ల ట్యాంకు పక్కన మూరెడు నీడ. ఆ నీడలో తడిపిన గోనెసంచి మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. తలమీద తడి తువ్వాల. నేల కాలకుండా ట్యాంకు కొళాయి తిప్పి చుట్టూ నీళ్ళు పోసుకున్నట్టుంది, ఆ నీళ్ళు పగుళ్ళలోకి ఇంకుతున్నాయి.

జయకుమార్ రెండడుగులు ముందుకు వేశాడు. ఎవరో బిచ్చగత్తె ఎక్కిందనుకున్నాడు. ఆమె ఆయన్ను చూసి లేవబోయి, లేవలేక, కూర్చున్నచోటే చేతులు జోడించింది.

"ఎవరమ్మా నువ్వు?"

"ఎవరూ కాదప్పా" అంది ఆమె. "ఇప్పుడే పోతా."

వెనక మెట్ల మీద హనుమేష్ గొంతు వినిపించింది. "మా యమ్మ సార్. ఈరక్క."

"ఈడెందుకుంది?"

"మీరు ఫోను చేస్తానే పైకి పంపిస్తాం సార్. కింద అన్ని గదులూ చూస్తారు గదా మీరు. ఇంగ యాడ పెట్టేది? ఊర్లో గోడ కూలిపాయ. నేనొక్కణ్ణే కొడుకును."

"నేనొచ్చినప్పుడల్లా?"

హనుమేష్ తలదించుకున్నాడు.

జయకుమార్‌కు ఒక సంగతి గుర్తొచ్చింది. పోయిన వానాకాలంలో ఒకరోజు ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. వాన వెలిశాక పోదామని ఆయన సాయంత్రం దాకా కదల్లేదు. ఆరోజు బజ్జీలు చేయించుకుని మరీ తిన్నాడు.

"ఆ వాన పొద్దు కూడా?" అని అడిగాడు. అడగకుండా ఉంటే బాగుండుననిపించింది.

జవాబు హులిగెమ్మ చెప్పింది. "జొరమొచ్చింది సార్. గవర్మెంటాస్పత్రిలో పెట్టినాం. మళ్ళీ బాగైంది."

ఆయన ముఖం చూసి ఈరక్క అది కోపమనుకుంది. జోడించిన చేతులు ఇంకా పైకెత్తింది.

"నా కొడుకు అబద్ధం జెప్పినాడని ఎళ్ళగొట్టొద్దప్పా. నేను నీ యింట్లో సావను. మావోనికి శానాసార్లు జెప్పినా. నాకు బాగలేకుంటే ఊపిరుండంగనే ఎత్తకపోయి ఆస్పత్రి వరండాలో పండుకోబెట్టు, ఆ యప్పకు నష్టం రాకూడదు అని. నీకు మాటిస్తాండా."

అరవై దాటిన జయకుమార్ జీవితంలో చాలామంది ఆయనకు చాలా మాటలు ఇచ్చారు. ఇలాంటి మాట ఇచ్చినవాళ్ళు లేరు. ఈ మాట ఆమె చేత ఇప్పించింది తానేనన్న సంగతి తలకెక్కేసరికి ఆయనకు సిగ్గేసింది.

"దిగమ్మా, కిందికి పోదాం" అని ఆయనే చేయి పట్టుకున్నాడు. చెయ్యి పెనంలా కాలుతోంది. ఒకపక్క తాను, ఒకపక్క హనుమేష్ పట్టుకుని మెట్లు దింపారు. గుమ్మం దాకా వచ్చాక ఆమె ఆగిపోయింది. తలుపు చెక్క గట్టిగా పట్టుకుంది.

"లోపలికి రామ్మా, ఫ్యాను కింద పండుకో."

"నువ్వు పోప్పా. నువ్వు పోయినాక పోతా."

"నేనేమీ అననమ్మా. ఈ ఇంట్లోనే ఉండండి. ఎన్నాళ్ళైనా ఉండండి."

ఆమె తల ఊపింది. కాలు మాత్రం లోపల పెట్టలేదు. కొడుకు బతిమాలాడు, కోడలు చెయ్యి పట్టి లాగింది. ఈరక్క కళ్ళు మాత్రం జయకుమార్ మీదే ఉన్నాయి. ఆయన ముందు ఆ ఇంట్లో అడుగుపెట్టకూడదని ఆమెకు అలవాటైపోయింది. ఆ అలవాటు ఒక్క మాటతో పోయేది కాదు. గుమ్మం మీద ఎండ ఆమె నెత్తిన పడుతోంది.

జయకుమార్ ఇంకేమీ మాట్లాడకుండా బయటికి నడిచి, వీధి గేటు వేశాడు. కొంతసేపటికి లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

నాలుగడుగులు వేశాక గొడుగును లోపల కుర్చీ పక్కనే మరిచిపోయానని గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి గేటు మీద చెయ్యి వేశాడు. తలుపు తడితే ఆమె మళ్ళీ మిద్దెక్కుతుంది. చెయ్యి తీసేసి, ఆ ఎండలోనే బస్టాపు వైపు నడిచాడు.