వన్నూరమ్మ వదిలిన దారం

రండమ్మా, రండి నాయనా, అద్దానికి ఇంకాస్త దగ్గరగా జరగండి. బీరువాకు తాళం వేసి ఉంది, నా మాట బయటికి సన్నగా వస్తుంది. చెవి ఆనిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

నేను ఒక గుడ్డబొమ్మను. లోపల చెయ్యి దూర్చి ఆడించే బొమ్మను. ముసలిదాని రూపంలో కుట్టారు కనుక అందరూ నన్ను జేజి అంటారు. మా అనంతపురం వైపు నాయనమ్మను అలాగే పిలుస్తారు. నాకు అక్షరం ముక్క రాదు. నోరు కూడా ఎర్రదారంతో కుట్టిన గీతే. అయినా ఈ భవనంలో నా అంత మాటకారి ఇంకొకరు లేరు.

నా కాళ్ల దగ్గర ఒక అట్టముక్క నిలబెట్టారు. వచ్చినవాళ్లు పైకి చదువుతుంటే విని విని నాకు నోటికొచ్చింది: "బాలలతో సంభాషణకు ఉపకరించే బొమ్మ. తాకరాదు." చూశారా ఈ మనుషుల తెలివి! పిల్లలతో మాట్లాడడానికి పుట్టిన బొమ్మట, పిల్లలు ముట్టకూడదట! నాకు ఒళ్లు మండేది ఇక్కడే. సరే, మంట తర్వాత చూద్దాం. ముందు నా పుట్టుక వినండి.

నన్ను కుట్టింది ఓబులేశ్వరి. కళ్యాణదుర్గం దగ్గర పల్లెటూరి పిల్ల. దిక్కు తప్పిన పిల్లలకు, బడి మాన్పించి పనిలో పెట్టిన పిల్లలకు అండగా నిలబడే ఉద్యోగం ఒకటి ఉందని ఎవరో చెబితే విని, దానికి శిక్షణ ఇచ్చే ఈ చోట చేరింది. ఇంట్లోవాళ్లకు అది చదువులాగే కనిపించలేదు. వాళ్ల జేజి అయితే బుగ్గన వేలు పెట్టుకుంది.

"పిల్లోళ్లను సాకేదానికి కాలేజీ యాల పాపా? మీ నాయన్ను సాకినానే, నేనేం కాలేజీకి పోయినానా?"

"అందుకే మా నాయన ఇట్ల తయారైనాడు జేజీ. నువ్వూ పోయింటే ఒక మాటన్నా వినేటోడు."

ముసలామె పడీపడీ నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుని, పెట్టెలోంచి తన వక్కరంగు పాత చీర తీసి ఇచ్చింది. శిక్షణలో ప్రతి ఒక్కరూ పిల్లలతో మాట్లాడడానికి ఒక బొమ్మను తెచ్చుకోవాలన్నారు మరి. తోటివాళ్లంతా బజారుకు వెళ్లి తెల్లకుందేళ్లూ ఎలుగుబంట్లూ కొనుక్కొచ్చారు. ఓబులేశ్వరి మాత్రం, "మా తావ ఏ బిడ్డా కుందేలుకు కష్టం చెప్పుకోదు. జేజికే చెప్పుకుంటాది" అంటూ ఆ చీర కత్తిరించింది.

నా తలలో బూరుగుదూది కూరారు. జుట్టు పాత కంబళి పోగులు. కళ్లు రెండు చొక్కా గుండీలు, ఒకటి తెల్లది, ఒకటి నీలంది. ఓబులేశ్వరికి మాట వచ్చినంత బాగా సూది రాదు. కుట్లన్నీ వంకరటింకరగా పోయాయి, అంచుల నిండా దారాలు వేలాడాయి. "ఏం మే, మీ జేజికి గడ్డం మొలిచింది!" అని స్నేహితురాళ్లు ఎగతాళి చేశారు. ఆ దారాలను మాత్రం మరిచిపోకండి. నా కథంతా వాటి మీదే నడిచింది.

తరగతిలో ఒకరు బిడ్డగా, ఒకరు అధికారిగా కూర్చుని మాట్లాడడం అభ్యాసం చేసేవాళ్లు. ఓబులేశ్వరి అధికారి అయిందంటే బిడ్డకు ఇక నోరు తెరిచే సందు దొరకదు. పాఠం చెప్పే ప్రసూనాంబ మేడమ్ తల పట్టుకునేది.

"నువ్వే అడుగుతున్నావు, జవాబూ నువ్వే చెబుతున్నావు. ఇక బిడ్డ ఎందుకమ్మా అక్కడ?"

"ఊరికే కూచుంటే ఏమన్నా బాగుంటాదా మేడమ్?"

"బాగుండదు. అయినా కూర్చోవాలి. బిడ్డ ఎత్తుకు దిగి కూర్చో. ఒకసారి అడుగు. తర్వాత నోరు మూసుకో. బిడ్డను తీసుకుపోవడానికి వచ్చిన మనిషిని మాత్రం ఆ గదిలో ఉంచకు."

మంచి మాటలే. అందరూ రాసుకున్నారు, పరీక్షలోనూ రాశారు, మార్కులూ వచ్చాయి. కానీ మనుషుల సంగతి నాకు తర్వాత తెలిసింది. పరీక్షలో రాసిన మాటను చెప్పులతోపాటు గుమ్మం బయటే విడిచి లోపలికి వెళతారు.

కొన్నాళ్లకు చూసి నేర్చుకోవడానికని వాళ్లను పిల్లల వసతి గృహానికి పంపారు. అక్కడ చూశాను వన్నూరమ్మను. ఎనిమిదేళ్లుంటాయేమో. బస్టాండులో బెంచీ కింద ముడుచుకుని ఉంటే ఎవరో తెచ్చి అప్పగించారు. వచ్చిన ప్రతి పెద్దమనిషీ నిలబడే అడిగేవాడు: పేరేమి, ఊరేమి, ఎందుకు పారిపోయి వచ్చావు? పారిపోయి రావడమట! ఆ ఒక్క మాటతో తప్పంతా బిడ్డ నెత్తిన వేసేశారు. ఎవరి దగ్గరి నుంచి వచ్చావు, నిన్నెవరు ఏం చేశారు అని అడిగినవాళ్లు లేరు. బిడ్డ నేల చూసేది. "మొండిది" అని వాళ్లు వెళ్లిపోయేవాళ్లు.

ఓబులేశ్వరి నన్ను చేతికి తొడుక్కుని ఆ పిల్ల ముందు కూర్చుంది. నా గొంతుతో కబుర్లు చెప్పింది, నన్ను చిందులు వేయించింది. వన్నూరమ్మ నా ముఖం వైపు చూడలేదు. నా అంచులు చూసింది. చూసి, మెల్లగా నన్ను లాక్కుని ఒళ్లో వేసుకుంది. ఒక దారం పట్టుకుని గోటితో పుటుక్కున తెంపింది. ఇంకొకటి. గోటికి లొంగనిదాన్ని పంటితో కొరికింది. ఆ వేళ్ల వేగం ఏం చెప్పను! తెంపిన దారాలను చిన్న ఉండగా చుట్టి పక్కన పెట్టింది. నన్ను తిరగేసి లోపలి కుట్టూ చూసింది. చివరికి నన్ను రెండు చేతులతో పైకెత్తి చూపించింది.

"ఒగటి గూడా మిగల్లేదు. చూస్కో."

ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట అదే. మా ఓబులేశ్వరి ఏం చేసిందనుకున్నారు? మురిసిపోయింది. "అబ్బ, జేజికి ఎంత చక్కగా గడ్డం గీసినావే!" అని బుగ్గ గిల్లింది. గృహాన్ని చూసుకునే పెద్దమ్మగారు ఇంకా ఒక ఆకు ఎక్కువ చదివింది. "ఎంత పనిమంతురాలో చూడు! పాపా, నా జాకెట్టుకు గూడా దారాలు లేసినాయి, రవంత చూడమ్మా" అంది. నాకు నోరు కుట్టేసి ఉంది కాబట్టి ఆగాను. ఆడుకోమని బొమ్మనిస్తే పని చేసి చూపించిన బిడ్డను చూసి ముచ్చటపడతారా? ఈ వేళ్లకు ఈ పని ఎవరు నేర్పారని ఒక్కరైనా అడగరా?

అడగలేదు. పైగా వారం తిరక్కుండా ఒక మనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బిస్కెట్ల పొట్లం. "మా అన్న కూతురు సార్. బడికి పోతాంటాది. రవంత అల్లరిది, అలిగి వచ్చేసింది" అన్నాడు. బిడ్డను ఎవరితో పంపాలో తేల్చే కమిటీ ముందుకు సంగతి వెళ్లింది. పెద్ద బల్ల వెనక కళ్లజోడు సారు కూర్చున్నాడు. వచ్చినాయనకు కుర్చీ వేశారు. వన్నూరమ్మకు కుర్చీ లేదు. నన్ను చంకలో పెట్టుకుని ఆ మనిషి పక్కనే నిలబడింది. ప్రసూనాంబ మేడమూ ఓబులేశ్వరీ గోడ దగ్గర ఉన్నారు.

"ఈయన ఎవరు పాపా?"

"చిన్నాయన."

"ఆయనతో పోతావా?"

"పోతా."

"ఇంకేముంది, బిడ్డే ఒప్పుకుంది కదా" అని సారు కలం అందుకున్నాడు.

చూడండి, అప్పుడు ఆ బిడ్డ చేతులు ఏం చేస్తున్నాయో నాకు తెలుసు. ఆ మనిషి కళ్లు తన మీద పడగానే నన్ను ముందుకు తీసింది. తిరగేసింది, బోర్లించింది. దారాల కోసం వెతికింది. ఎక్కడున్నాయి, అన్నీ ఎప్పుడో తెంపేసింది కదా! ఒక్కటీ దొరక్క, నా పక్క కుట్టునే గోటితో పీకడం మొదలుపెట్టింది. చేతులు ఖాళీగా కనిపించకూడదు, అంతే. నా కుట్టు విడిపోయి దూది బయటికి వచ్చింది.

ఓబులేశ్వరి అది చూసింది. బుగ్గ గిల్లిన రోజు తనకు తట్టనిది ఆ క్షణంలో తట్టింది.

"సార్, ఆయన్ను బయటికి పంపి అడగండి."

"ఎవరమ్మా నువ్వు?"

"ట్రైనింగులో ఉండా సార్."

"ట్రైనింగైతే చూసి నేర్చుకో. మధ్యలో మాట్లాడకు."

"చూస్తానే ఉండా సార్. చూసినాను కాబట్టే చెప్తాండా."

ఆ మనిషి నవ్వాడు. "ఈ కాలం చదువులు ఇంతే సార్" అన్నాడు. మేడమ్ ఓబులేశ్వరి చెయ్యి పట్టి లాగి, నెమ్మదిగా అంది: "గమ్మునుండు. నువ్వు పాసు కావాలంటే వీళ్లు మంచిగా రాయాలి."

"తీసకపోను వచ్చినాయన గదిలో ఉండగూడదని మీరే కదా మేడమ్ నేర్పింది. అది పరీక్షలో రాసేదానికా, బిడ్డకా?"

మేడమ్ ముఖం ఎర్రబడింది. ఆమె మాట్లాడకపోతే వన్నూరమ్మ సాయంత్రానికల్లా వచ్చిన చోటికే వెళ్లిపోతుంది. నా దూది బిడ్డ కాళ్ల దగ్గర పడి ఉంది. మేడమ్ దాని వంకే చూసింది. తర్వాత బల్ల దగ్గరికి నడిచి, "సార్, మా అమ్మాయి చెప్పింది సబబే. ఆయన బయట కూర్చోవాలి. నేనే చెప్పవలసింది" అంది. సారు విసుక్కుంటూనే చెయ్యి ఊపాడు.

ఆ మనిషిని బయటికి పంపి తలుపు మూశారు. ఓబులేశ్వరి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఈసారి నన్ను తను తొడుక్కోలేదు. వన్నూరమ్మ చేతికి తొడిగింది. బిడ్డతో కాకుండా నాతో మాట్లాడింది.

"జేజీ, నీకు ఏమన్నా చెప్పాలనుంటే చెప్పు. లేకుంటే గమ్మునుండు. నేనీడే ఉంటా."

ఆ తర్వాత నోరు మూసుకుంది. ఓబులేశ్వరి! నోరు మూసుకుని కూర్చుంది! సారు ఏదో అనబోతే మేడమ్ వేలు చూపి ఆపింది. నా లోపల ఆ చిన్న వేళ్లు మళ్లీ దారాల కోసం తడుముతున్నాయి. నేనేం చేయగలను, ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాను, గుడ్డకు చేతనైనంత. చాలాసేపటికి నా తల లేచింది. ముసలి గొంతొకటి వచ్చింది.

"ఈ పిల్ల పోదు."

"యాడికి పోదు జేజీ?"

"షెడ్డుకు. ఆడ ప్యాంట్లుంటాయి ఇంతెత్తు. అన్నిటికీ దారాలు కొరకల్ల. ఒగటి మిగిలినా ఆ పూట కూడు పెట్టరు."

"ఎవరు పెట్టరు?"

"మేస్త్రి. బయట కూచున్నాడే, ఆయప్ప. నలుగురు ఉంటే చిన్నాయనా అని పిలవమన్నాడు."

తలుపు తీసేసరికి బయట కుర్చీలో బిస్కెట్ల పొట్లం ఒక్కటే ఉంది. తర్వాత పోలీసులు వెళ్లారు, షెడ్డులో ఇంకా పిల్లలు దొరికారు, మేస్త్రీ దొరికాడు. వన్నూరమ్మ తల్లి బెంగుళూరులో కట్టడాల పనిలో ఉందని తెలిసింది. బడిలో చేర్పిస్తానన్న మాట నమ్మి బిడ్డను పంపిందట. కబురు అందగానే, సిమెంటు మరకల చీరతోనే పరుగెత్తుకొచ్చింది.

ఆమె వచ్చేలోపు ఓబులేశ్వరి నా పక్క కుట్టు మళ్లీ వేసింది. ఆ సూది బాగుపడిందా, లేదు. మళ్లీ దారాలే. వెళ్లే రోజు వన్నూరమ్మ నన్ను ఒళ్లోకి తీసుకుని అలవాటుగా ఒక్కొక్కటీ తెంపుతూ వచ్చింది. చివరిదాని దగ్గర వేళ్లు ఆగాయి. ఓబులేశ్వరి వైపు చూసింది.

"ఇదొగటి ఉండనీలే" అంది వన్నూరమ్మ. "ఎవురేమంటారు?"

"ఎవురూ ఏమనరు."

పిల్ల నన్ను పక్కన పెట్టి, తల్లి చంకెక్కి వెళ్లిపోయింది. ఎనిమిదేళ్ల పిల్ల చంకెక్కడమేమిటని ఎవరో నవ్వారు. నవ్వనీయండి, అన్నాళ్ల బాకీ అది.

ఓబులేశ్వరి పాసయింది. కొంచెం తక్కువ మార్కులతోనే. "క్రమశిక్షణ అలవరచుకోవాలి" అని కూడా రాశారట. ఇప్పుడు వేరే జిల్లాలో ఉద్యోగం చేస్తోంది. నన్ను వెంట తీసుకుపోతానని బతిమాలింది. ఇవ్వలేదు. ఇది మా సంస్థకు గర్వకారణమని చెప్పి ఈ బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ రోజు కళ్లజోడు సారే వచ్చి రిబ్బను కత్తిరించి, బిడ్డ మాటను ఓపికగా వినడం ఎంత ముఖ్యమో చాలాసేపు ఉపన్యసించాడు. ముందు వరసలో కూర్చోబెట్టిన పిల్లలు ఆకలేస్తోందని అంటుంటే ఎవరూ వినలేదు. నేను విన్నాను.

మొన్న ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారని బీరువా తుడవడానికి వచ్చిన అతను, "ఇదేందబ్బా, బొమ్మకు దారం యాలాడతాంది, కత్తెర తేండి" అని కేక వేశాడు. నా గుండీ కళ్లు రెండూ బయటికి వచ్చినంత పనైంది. ప్రసూనాంబ మేడమ్ ఎక్కడుందో, పరుగున వచ్చి ఆపింది. ఆమె ఎల్లకాలం ఇక్కడే ఉండదు కదా.

అందుకే మిమ్మల్ని దగ్గరికి పిలిచాను. ఇంటికి వెళ్లాక ఈ కథ నలుగురికి చెప్పండి. మీ ఇంట్లో, మీ వీధిలో, మీ బడిలో ఏ బిడ్డనైనా ఏదైనా అడగాలంటే, ముందు ఆ బిడ్డ భయపడే మనిషిని బయటికి పంపండి, కింద కూర్చోండి, అడిగాక నోరు మూసుకోండి. అంత చదువు చదివినవాళ్లకే మరుపు వచ్చింది, మీరైనా గుర్తుపెట్టుకోండి. ఇంకొక్క మాట. ఎప్పుడైనా ఎవరైనా కత్తెర పట్టుకుని ఈ బీరువా దగ్గరికి వస్తే, ఆ దారం వన్నూరమ్మదని చెప్పండి.