ముందు మీరు పోండ్రి

ఖతార్‌లోని దుఖాన్ క్యాంపులో సాయంత్రం బస్సు దిగితే ఎవరి తొందర వాళ్ళది. ఒకరు స్నానానికి వరుసలో నిలబడతారు, ఒకరు బియ్యం కడుగుతారు. ఆయిలు పనులు జోరు మీదున్న రోజులు, అలసటకు కొదవ లేదు. నర్సింలు మాత్రం మంచమెక్కి జపాన్ బొమ్మల పుస్తకం తిరగేసేవాడు. సైటులో పనిచేసి వెళ్ళిపోయిన ఓ జపాన్ ఇంజనీరు వదిలేసింది అది. మాంగా అంటారట. వాళ్ళ తాతల నాటి దయ్యాల కథలను ఈ కాలపు రైళ్ళలోకి, ఆఫీసుల్లోకి తెచ్చి గీశారు. అక్షరం ముక్క రాకపోయినా బొమ్మలు చూస్తే కథ తెలిసిపోయేది. ఒక కథలో, కోటు వేసుకున్న ఉద్యోగి ముందు ఉత్త అడుగులు నడుస్తుంటాయి, మనిషి ఉండడు. ఉద్యోగి పక్కకు జరిగి దండం పెడతాడు. అంతే, అడుగులు వెనక్కొచ్చి అతని వెంట పడతాయి. నర్సింలుకు అర్థమైంది అదీ.

ఆ వారమే నర్సింలు ఓ తప్పుడు పని చేశాడు. గ్యాంగులో ఒక్కరికే చుట్టీ, అదే సెలవు, ఇస్తామంది కంపెనీ. ఇంటికి పోయే వంతు లియాఖత్ అలీది. ఇద్దరిదీ ఒకే గది, ఒకే వంట. ఊళ్ళు కూడా నిర్మల్ దగ్గర పక్కపక్కనే. లియాఖత్ తల్లి ఫక్రున్నీసాకు చూపు పోతోంది. పూర్తిగా పోకముందే కొడుకు మొహం చూడాలని ఆమె ఆశ. నర్సింలుకేమో ఊళ్ళో కొత్త ఇల్లు, భార్య గౌరవ్వ గృహప్రవేశం పెట్టుకుంది. "లియాఖత్ ఎప్పుడు పోతడట?" అని క్యాంప్ ఆఫీసులో చుట్టీలు చూసే నిసార్ అహ్మద్ అడిగితే, "పండుగ అయినంక పోతడట సార్, ఇప్పుడు నన్ను పొమ్మన్నడు" అనేశాడు. నరం లేని నాలుక ఏమైనా అంటుంది.

కంపెనీయే పేరు మార్చిందనుకున్నాడు లియాఖత్. పల్లెత్తు మాట అనలేదు. పైగా తన పెద్ద సూట్‌కేసు దించి, తుడిచి ఇచ్చాడు.

"మా అమ్మిని ఒక్కపారి చూసి రా భాయ్. నేను మంచిగున్ననని చెప్పు."

నర్సింలు సరేనని సూట్‌కేసు మంచం కిందికి తోశాడు.

మర్నాటి నుంచి అతని వెనక అడుగులు మొదలయ్యాయి. కాళ్ళీడ్చుకుంటూ వచ్చేవి, అతను ఆగితే ఆగేవి. క్యాంపులో ఎవరూ వింత పడలేదు. "నీ ఎనుక వచ్చేటోళ్ళకు గూడ చాయ్ పొయ్యాల్నా?" అన్నాడు వంటాయన గంగన్న. నర్సింలు బస్సెక్కాక డ్రైవర్ కాసేపు తలుపు మూయకుండా ఆగేవాడు. నర్సింలుకే నిద్ర కరువైంది. పక్కకు జరిగితే ఇంకెన్ని వెంటపడతాయోనని ఎవరికీ దారి ఇవ్వడం మానేశాడు. వరండాలో నడిమధ్య నడిచేవాడు. ఎదురొచ్చినవాళ్ళు గోడకు అతుక్కుని, "చుట్టీ దొరికిందని అరబ్ షేక్ అయిండు" అని నవ్వుకునేవాళ్ళు.

"ఏమైంది భాయ్, గిట్ల నడుస్తున్నవ్?" అని లియాఖతే అడిగాడు. నర్సింలు పుస్తకం చూపించాడు. లియాఖత్ దాన్ని తిప్పి పట్టుకుని పకపకా నవ్వాడు.

"ఉల్టా చదివినవ్ గద! మా ఉర్దూ కితాబ్ లెక్క ఇది కుడి దిక్కుకెళ్ళి షురూ అయితది. అడుగులు ముందుగాల ఎనుకనే ఉన్నయ్. ఈయన పక్కకు జరిగి, ముందు మీరు పోండ్రి అన్నట్టున్నడు. అవి పోయినయ్. గంతే. నువ్వు గూడ అను."

వరండాలో నర్సింలు గోడవారగా జరిగాడు. "ముందు మీరు పోండ్రి" అన్నాడు.

అడుగులు కదిలాయి. కొంచెం పోయి ఎదుటి గోడకు తగిలి ఆగాయి. పక్కకు తిరిగి మళ్ళీ తగిలాయి. గోడ మీద అరచెయ్యి తడుముకుంటున్న చప్పుడు వినపడింది.

లియాఖత్ నవ్వు ఆగిపోయింది. "మా అమ్మి గూడ ఇప్పుడు గిట్లనే నడుస్తున్నదంట. గోడ పట్టుకొని. సుర్రయ్యా ఫోన్ల చెప్పింది" అన్నాడు. సుర్రయ్యా అతని భార్య.

నర్సింలుకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. గాలిలోకి చెయ్యి చాచాడు. ముడతలు పడిన వేళ్ళు వచ్చి పట్టుకున్నాయి. మెల్లగా నడిపించుకుంటూ ఆఫీసుకు తీసుకెళ్ళాడు.

"సార్, నేను అబద్ధం చెప్పిన. లియాఖత్ చుట్టీ వద్దనలే. నా పేరు కొట్టేసి ఆయనను పంపుండ్రి."

వెనకే వచ్చిన లియాఖత్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. నర్సింలు చేతిలోంచి వేళ్ళు జారిపోయాయి. అడుగులు లియాఖత్ దగ్గరికి వెళ్ళి ఆగాయి.

"వచ్చే యాడాది దాక నీకు చుట్టీ లేదు పో" అన్నాడు నిసార్ అహ్మద్.

బయల్దేరేదాకా లియాఖత్ అతనితో మాట్లాడలేదు. సూట్‌కేసు మొయ్యబోతే చెయ్యి వెయ్యనివ్వలేదు. అక్కడ ఊళ్ళో గృహప్రవేశం నాడు గౌరవ్వ, "గల్ఫ్ పోయి ఏం బాగుపడ్డం" అని ఏడ్చి, పక్కపీట మీద మొగుడి కండువా పెట్టుకుని పాలు పొంగించింది.

కొన్నాళ్ళకు లియాఖత్ ఫోన్ చేశాడు.

"అమ్మి నన్ను చూసింది. నల్లగైనవ్ బేటా అన్నది. తెల్లారేసరికి మొత్తం చీకటైందంట."

నర్సింలు ఫోన్ చెవికి అదుముకున్నాడు.

"కాళ్ళు గుంజుతున్నయంటది. ఎడారిల చెయ్యి పట్టి తోవ చూపినాయన సల్లగుండాలని రోజూ దువా చేస్తున్నది. నీ పేరు అడిగింది."

"చెప్పినవా?"

"పేరు చెప్పిన. నువ్వు చేసింది చెప్పలే" అని లియాఖత్ ఫోన్ పెట్టేశాడు.

అంతకంటే నాలుగు తిట్టి ఉంటే బాగుండుననిపించింది నర్సింలుకు.