దొరసాని పెట్టిన గుడ్లు

ఎనిమిదేళ్లుగా టైలరమ్మకు ఒక అనుమానం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. ఆనాడు గుడ్లు పారబోసింది తోటికోడలేనా, కాదా?

అప్పట్లో కుట్టుమిషను పక్కన గాజుతొట్టిలో బెట్టా అనే రంగుల పెంపుడు చేప, ఆడది, ఉండేది. ఒకరోజు తొట్టి అడుగున గసగసాలంత తెల్లటి గుడ్లు కనిపించాయి. టైలరమ్మ సంబరంగా ఇరుగుపొరుగుకు చెప్పి వచ్చేసరికి ఒక్కటీ లేదు. ఇంట్లో ఉన్నది తోటికోడలు, ఆ ఇంటి చిన్నకోడలొక్కతే. మరక కనిపిస్తే చెయ్యి ఊరుకోని మనిషి.

"కడిగి కడిగి చివరికి పసిగుడ్లనీ కడిగేశావా!" అనేసింది టైలరమ్మ.

"నేను తొట్టి ముట్టుకోలేదక్కా" అని ఒక్కసారే అంది చిన్నకోడలు.

అయినా ఇద్దరి మధ్యా మాటలు ఆగలేదు. చిన్నకోడలు కింది వాటాలోంచి రోజూ వచ్చి టీ తాగుతూనే ఉంది. కానీ ఆనాటి నుంచి తాగిన గ్లాసు తాగినచోటే వదిలి వెళ్లేది. ఈ ఇంట్లో చెంచా కూడా కడగలేదు. ఆ గ్లాసు కడిగినప్పుడల్లా టైలరమ్మకు ఆ అనుమానం మళ్లీ గుచ్చుకునేది.

ఇప్పుడున్న చేప పేరు దొరసాని, అదీ ఆడ బెట్టాయే. ఈ వారం దాని పొట్ట ఉబ్బింది. టైలరమ్మ కంగారుపడి, చేపలమ్మే ఆయనకు ఫోన్ చేసింది.

"మగచేప ఉందా అమ్మా?"

"లేదు నాయనా, ఒంటిది."

"అయినా గుడ్లు పెడుతుంది లెండి. అవి ఒట్టి గుడ్లు, వాటిలోంచి పిల్లలు రావు. మీ హడావుడి చూస్తే పురుడు మీకే వచ్చినట్టుంది!"

మర్నాడు పొద్దున దేవుడికి దండం పెట్టుకుని వచ్చేసరికి గుడ్లు రాలుతున్నాయి. టైలరమ్మ తలుపు గడియ వేసి, హుక్కులు కుట్టాల్సిన జాకెట్టు ఒళ్లో పెట్టుకుని కాపలా కూర్చుంది.

"చేపకు కాపలా సరే, నాకు కాఫీ లేదా?" అన్నాడు భర్త తలుపవతల నుంచి.

"ఇవాళ మీరే కలుపుకోండి!"

మూడో హుక్కు కుడుతుండగా దొరసాని మెల్లగా కిందికి దిగింది. ఒక్కో గుడ్డునూ నోట పట్టింది. మింగింది. ఆరో హుక్కు పూర్తయ్యేసరికి తొట్టి అడుగు అద్దంలా ఉంది.

"ఛీ, కన్నతల్లివేనా నువ్వు?" అంది టైలరమ్మ. దేవుడు ఇలాంటి తల్లిని ఎందుకు పుట్టించాడా అనుకుంది. అంతలో ఒట్టి గుడ్ల మాట గుర్తొచ్చింది. ప్రాణం లేనిదాన్ని పారేయకుండా, పోయిన సత్తువ తిరిగి తెచ్చుకుంటోంది పిచ్చిది. ఇందులో పాపమేముంది? పాపమంటూ ఉంటే అది ఆనాడు తోటికోడలిని అన్న తన నోటిదే.

టీ వేళకు చిన్నకోడలు వచ్చింది. గ్లాసు అందిస్తూనే టైలరమ్మ అంది: "గుడ్ల దొంగ దొరికిందమ్మాయ్. ఇదిగో, తొట్టిలోనే ఉంది. తన గుడ్లు తనే మింగడం నా కళ్లతో చూశాను, అప్పటి చేపా ఇంతే చేసుంటుంది. ఆనాడు నిన్ను అన్న మాట తప్పు. మన్నించు. ఎనిమిదేళ్లు ఆలస్యమైంది."

చిన్నకోడలు గ్లాసు పట్టుకునే తొట్టి దగ్గరికి వెళ్లింది.

"నాకేం నష్టం లేదులే అక్కా. ఎనిమిదేళ్లు నా గ్లాసు కడిగింది నువ్వే కదా."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. చిన్నకోడలు తొట్టి దగ్గరగా వంగి ముఖం చిట్లించింది.

"ఈ అద్దం మీద మరకలేంటి? దొరసాని ఉండే ఇల్లేనా ఇది? గుడ్డ ఇటు ఇవ్వు."

అద్దం తళతళలాడేదాకా తుడిచింది. తర్వాత రెండు గ్లాసులూ తీసుకుని సింకు దగ్గరికి నడిచింది.