రక్షడబ్బా

నేను ఒక స్టీలు డబ్బాని. మూతకి రెండు పక్కలా క్లిప్పులు, లోపల రబ్బరు వాషరు. పులుసు పోసి తలకిందులు చేసినా చుక్క కారదని కొట్లో షావుకారు నన్ను తిప్పి చూపించేవాడు. గట్టిగా మూసుకుపోవడమే నా గొప్పతనం. అదే నా మెడకి చుట్టుకుంటుందని అప్పుడు తెలీదు. అరలో కూర్చుని బేరాలు వినీ వినీ నాకో బుద్ధి అబ్బింది. ఏది లోపలికొచ్చింది, ఏది బయటికెళ్ళింది, మధ్యలో ఏం మిగిలింది, అదే చూసుకుంటాను.

నన్ను కొన్నది గంగరత్నం. శృంగవరపుకోటలో జీపులు బాగుచేసే సోములు భార్య. ఆవిడ వంటింట్లో నేను కుదురుకునేలోపే సోములు నన్ను చంకన పెట్టుకున్నాడు.

"నీ షెడ్డుకి నా వంటిల్లే దొరికిందేటి?" అంది గంగరత్నం.

"కొత్తది తెస్తాన్లే. అంట్లు తోమే స్టీలు పీచు కూడా ఒకటియ్యి."

"అంట్లు కూడా అక్కడే తోముతావేటి?" అంటూనే ఇచ్చింది.

షెడ్డులో నా ఒంటికి రెండు బెజ్జాలు పొడిచి, రెండు రబ్బరు గొట్టాలు బిగించి, కడుపులో ఆ పీచు కుక్కాడు. పరశురాం అనే డ్రైవరు తెచ్చిన పాత డీజిల్ జీపు బానెట్ కింద నన్ను బోల్టులతో కట్టేశాడు.

అక్కడ నా వ్యాపారం ఇది. పాతబడిన ఇంజను కడుపులోంచి నూనె ఆవిరి లేస్తుంది. దాన్ని గాలి పీల్చే గొట్టంలోకే తిప్పి పంపుతారు. పొగలో కొంత కూడా అదే దారిన వెనక్కి వస్తుంది. మసి ఒక్కటే అయితే చాలావరకు గాలితో పోతుంది. దానికి నూనె తోడైతే తారులా గోడలకి అంటుకుని గొట్టాన్ని పూడ్చేస్తుంది. గాలందని బండి ఘాట్ ఎక్కలేక రొప్పుతుంది. నేను మధ్యలో కూర్చుని ఆ నూనెని పట్టేస్తాను. ఆవిరి పీచుకి తగిలి, చుక్కలై, నా అడుగుకి దిగుతుంది. గాలి ముందుకు పోతుంది. నాకు మిగిలేది మడ్డి. పరశురాం దాన్ని అప్పుడప్పుడూ పారబోసి, పీచుని డీజిల్లో జాడించి పెట్టేవాడు. చీకటి, వేడి, కంపు; అయినా న్యాయమైన బేరమే. నేను నింపుకుంటాను, అతను ఖాళీ చేస్తాడు.

తర్వాత అతను జీపుని గౌరీసు అనే కుర్ర డ్రైవరుకి అమ్మేశాడు. దసరాకి బండిలో ప్రతిదానికీ బొట్టు పెట్టే అలవాటు కొద్దీ పరశురాం నా మూతకీ పసుపు రాసి, క్లిప్పుల మీదుగా తాడు చుట్టి ఉంచాడు. గౌరీసు బానెట్ ఎత్తి చూశాడు.

"ఇదేటి మావా?"

"అది మాత్రం పీకెయ్యకు అల్లుడా. అదున్నన్నాళ్ళూ ఇంజనుకి ఏటీ అవదు."

మాట నిజమే. కాకపోతే సగమే చెప్పాడు, అమ్మేవాడి తొందర. తాడునీ పసుపునీ చూసి గౌరీసు నాకు దణ్ణం పెట్టాడు. అప్పట్నుంచి నా మూత తీసినవాడు లేడు.

నిమ్మకాయలొచ్చాయి, అగరొత్తులొచ్చాయి, తాడు మీద తాడు పడింది. లోపల మడ్డి పెరిగి పీచు మునిగింది. చెప్పుకుందామంటే నాకున్న రెండు నోళ్ళలోనూ గొట్టాలే. ఇంకొక్క ఏటవాలు చాలు, ఇదంతా ఒలికి ఇంజను నోట్లో పడుతుంది. అలా నూనె తాగిన డీజిల్ ఇంజను దాన్నే మండించుకుంటూ, తాళం తీసినా ఆగదు. గౌరీసు రోజూ జీపు నిండా జనంతో అరకు ఘాట్ ఎక్కుతాడు. పక్కన లోయ. ఈ సంగతి నాకు తెలుసు, అతనికి తెలీదు.

ఆ రోజు ముందు సీట్లో నీలమ్మ కూర్చుంది. సంతలో ఎండుచేపలు అమ్ముతుంది.

"నీ బండి పొగ ముందు నా చేపలే సెంటులాగున్నాయి తమ్ముడూ."

"రక్ష కట్టిన బండప్పా. కూకో."

"ఆ రక్షకి ముక్కు లేదేటి?"

నిట్టనిలువు మలుపులో జీపు ముక్కు పైకెత్తింది. నాలోని మడ్డి గొట్టంలోకి జారింది. ఆపుదామన్నా నాకు చేతుల్లేవు. ఇంజను గొంతు చించుకుంది. గౌరీసు క్లచ్చీ బ్రేకూ తొక్కి, తాళం తీశాడు. ఆగలేదు. పొగ రోడ్డుని మింగేసింది. వెనకున్నవాళ్ళు దూకేశారు. నీలమ్మ దిగి వెనక చక్రం కింద రాయి తోసింది.

"వదిలేసి దిగిపో తమ్ముడూ."

"వదిల్తే లోయలోకెళ్ళిపోద్దప్పా. నాకున్నదిదే."

బ్రేకు మీద నిలబడినంత పని చేసి, టాప్ గేరు వేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలేశాడు. బ్రేకు పట్టిన చక్రాల్ని తిప్పలేక ఇంజను ఊగి, దగ్గి, ఆగింది.

గౌరీసు దిగి బానెట్ ఎత్తాడు. "రక్షుండగా ఇలాగెందుకైనాదప్పా?"

నా గొట్టం మొదట్లో కారుతున్న నల్లటి నూనెని నీలమ్మ వేలితో తీసి చూసింది. "ఈ డబ్బాలోదే ఇది. మూత తియ్యి."

"తియ్యకూడదప్పా."

"ఎంత దేవుడికైనా తానం చేయించాకే గదేటి బొట్టెడతాం? దీనికెప్పుడైనా చేయించావా?"

గౌరీసు పక్కకి జరిగాడు. నీలమ్మ చేపల కత్తితో తాళ్ళు కోసి, క్లిప్పులు లేపింది. గాలి తగిలింది. నన్ను బోల్టుల నుంచి విప్పి మడ్డి ఒంపుతుంటే, ఇంత బరువు మోస్తున్నానా అని నాకే ఆశ్చర్యమేసింది. గొట్టంలో పేరుకున్నదాన్ని తర్వాత సోములు షెడ్డులో గీకారు.

ఇప్పుడు ప్రతి అమావాస్యకీ, నిమ్మకాయ మార్చే ముందు, గౌరీసు నా మడ్డి పారబోసి, పీచుకి డీజిల్ తానం చేయిస్తాడు. దేనికి చేస్తున్నాడో అతనికి సరిగ్గా తెలుసని నేననుకోను. నాకు రావలసింది వస్తోంది, వాదించను. పీచు ఆరేదాకా నేను నోరు తెరుచుకుని ఎండలో ఉంటాను. ఆపైన బొట్టు, క్లిప్పులు, తాడు. బానెట్ పడుతుంది. ఇంజను లేస్తుంది. చీకట్లో పీచు మీద ఒక చుక్క నిలిచి, బరువెక్కి, అడుగున పడుతుంది.