అన్నిటికీ ఉన్న ట్యాగు

పొద్దున తొమ్మిదింటికి డోరా షట్టరెత్తి, కంప్యూటర్ మీద దుమ్ము తుడిచి, సాయన్న తెచ్చిన సంచీ ముందు కుమ్మరించుకుని కూర్చునేది. నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో ఆమె గది. రైళ్లలో, బస్సుల్లో, ఆటోల్లో జనం మర్చిపోయిన వస్తువులు హమాలీ సాయన్న చేతుల మీదుగా అక్కడికే చేరేవి. డోరా ఒక్కోదాని మీద ఒక్కో టపా రాసి బ్లాగులో పెట్టి, కింద ట్యాగులు తగిలించేది: గొడుగు, నలుపు, ప్లాట్‌ఫారం.

ట్యాగు నొక్కితే ఆ పేరున్న వస్తువులన్నీ అరల్లోంచి దిగి బల్ల ముందు వరసగా నిలబడేవి. దానికి ఎవరూ వింతపడేవారు కాదు. చాయ్ బండి బాలకిషన్ మాత్రం, గొడుగులు తన బెంచీ మీద నీళ్లు కార్చకుండా చూసుకోమనేవాడు.

చిక్కల్లా ఒకసారికి ఒక్క ట్యాగే పనిచెయ్యడం. 'గొడుగు' నొక్కితే మూడొందల గొడుగులు రోడ్డెక్కి ఆటోలకు అడ్డం పడేవి. 'నలుపు' నొక్కితే అవి లోపలికి పోయి నల్ల చెప్పులూ నల్ల సూట్‌కేసులూ తోసుకుంటూ వచ్చేవి. నల్ల గొడుగులు మాత్రమే రావాలంటే దారి లేదు. అబిడ్స్‌లో ఇంటర్నెట్ సెంటర్ నడిపే శశికిరణ్ ఇది చూసి ఉండబట్టలేక, వారం రోజులు కూర్చుని, ప్రతి ట్యాగు పక్కనా ఓ గడి పెట్టాడు. ఎన్ని గడుల్లో టిక్కు పెడితే, అవన్నీ ఉన్న వస్తువులే వస్తాయి. కుర్రాడు పనిమంతుడు, ఆ సంగతి అతనికీ బాగా తెలుసు.

ఒక్క దాని దగ్గరే అతనికి ఒళ్లు మండేది. డోరా ప్రతి టపాకీ చివర 'ప్రార్థన' అని తగిలించేది. వస్తువు మీద చెయ్యి పెట్టి, పోగొట్టుకున్నవాళ్ల కోసం కళ్లు మూసుకుని నాలుగు మాటలు చెప్పుకున్నాకే ఆ ట్యాగు. అన్నిటికీ ఉండే ట్యాగు దేన్నీ వడకట్టదు, తీసేద్దాం ఆంటీ అని శశి పోరాడు.

"నీ జల్లెడ కోసం పెట్టలే బిడ్డా. చేసిన అని నాకు గుర్తుండాలె గదా," అంది డోరా. ఆ మాటతో చర్చ ముగిసింది.

ఓ సోమవారం పదిన్నరకి అలేఖ్య అనే అమ్మాయి రొప్పుతూ వచ్చింది. పదకొండున్నరకి లక్డీకాపూల్‌లో ఇంటర్వ్యూ. ఒరిజినల్ సర్టిఫికెట్లు లేకపోతే లోపలికి రానివ్వరు, మళ్లీ పిలవరు. నాలుగు రోజులుగా ఊరంతా తిరిగింది, ఫైలు ఎప్పుడు ఎక్కడ జారిపోయిందో తెలియదు. నీలం రంగుది, అంతే.

శశి ధీమాగా 'ఫైలు'కీ 'నీలం'కీ టిక్కు పెట్టాడు. రెండు వందల పన్నెండు ఫైళ్లు దిగాయి. ఊరంతా ఒకే రకం ఫైలు కొంటే అంతే మరి. ఒక్కదాని మీదా పేరు లేదు. పరాయివాళ్ల కాగితాలు డోరా విప్పదు కాబట్టి లోపల ఏముందో ట్యాగుల్లోనూ లేదు. అన్నీ విప్పి చూసేసరికి మధ్యాహ్నమవుతుంది.

శశి బుర్ర గోక్కుంటుంటే అలేఖ్య దిక్కుతోచక చెయ్యి చాపి 'ప్రార్థన'కి టిక్కు పెట్టింది.

"దానివల్ల లాభం లేదండీ, అన్నిటికీ ఉంది," అన్నాడు శశి.

రెండు వందల పదకొండు ఫైళ్లు కదల్లేదు. ఒక్కటి మాత్రం వరసలోంచి తప్పుకుని, ఎవరికీ అడ్డం రాకుండా, అర వైపు నడిచింది.

డోరా మొహం వాడిపోయింది. పొద్దున దాని టపా పెడుతుండగా కరెంటు పోయింది, వచ్చేసరికి తను వేరే పనిలో పడి దానికి ప్రార్థన చెయ్యడమే మర్చిపోయింది. చాలా సిగ్గేసింది ఆమెకి. లేచి వెళ్లి ఆ ఫైలుని ఆపి ఒళ్లో పెట్టుకుంది.

"నిన్నొక్కదాన్నే ఇడిసిపెట్టిన, ఏమనుకోకు," అని దానితో చెప్పి కళ్లు మూసుకుంది. టైమవుతున్నా శశి మౌసు వదిలి చేతులు కట్టుకున్నాడు. కాసేపటికి ఆమె ఫైలుని అలేఖ్య చేతికిచ్చింది.

"ఎవలిదైనా గానీ, వాళ్లు పోయిన పని మంచిగ కావాలని చెప్పిన. ముందుగాల దీన్నే విప్పు."

పై కాగితం పదో తరగతి మార్కుల మెమో. దాని మీద అలేఖ్య పేరుంది. ఆమె డోరాని గట్టిగా వాటేసుకుని, ఏడుస్తూనే ఆటో ఎక్కింది.

అలేఖ్య ఉద్యోగంలో చేరి మిఠాయి డబ్బాతో వచ్చేసరికి, 'ప్రార్థన' పక్కన శశి ఇంకో గడి పెట్టి ఉంచాడు: 'ఇంకా లేనివి'. ఇప్పుడు రోజూ షట్టరు దించే ముందు డోరా దానికి టిక్కు పెట్టి అరల కేసి చూస్తుంది. ఏదీ దిగి రాకపోతే తాళం వేసి ఇంటికి బయల్దేరుతుంది.